పాఠకుల ప్రశ్నలు: స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ వృత్తిలో ప్రవేశం, నిలకడ

గత కొన్ని వారాలుగా వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మాట, భాష, మింగడంలోని ఇబ్బందులకు చికిత్స చేసే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ చదువు గురించి, ఆ ఉద్యోగంలోని సాధకబాధకాల గురించి ఉన్నందువల్ల, వాటిలో ఐదింటిని ఎంచుకుని ఈసారి శీర్షికను పూర్తిగా ఆ వృత్తికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను బైపీసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేశాను. ఎంబీబీఎస్ సీటు రాలేదు. మా కాలేజీలో చదివిన ఒక అక్క బీఏఎస్‌ఎల్‌పీలో చేరమని సలహా ఇచ్చింది. పిల్లలకు మాటలు నేర్పడానికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకని మా నాన్నగారు అడుగుతున్నారు. ఈ చదువు గురించి, ఉద్యోగావకాశాల గురించి వివరించగలరు.
— ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారి సందేహం సహజమైనదే. బయటినుంచి చూసేవారికి ఈ పని బొమ్మలు చూపించి పిల్లల చేత పలికించడంలాగే కనిపిస్తుంది. నిజానికి ఆ బొమ్మ ఎంపిక వెనుక గొంతు, నాలుక, అంగిలి, చెవి, మెదడు ఎలా పనిచేస్తాయో తెలిపే శరీరశాస్త్రం, ధ్వనులను విశ్లేషించే భాషాశాస్త్రం, పిల్లల ఎదుగుదలకు సంబంధించిన మనస్తత్వశాస్త్రం, వినికిడిని కొలిచే ఆడియాలజీ ఉన్నాయి. ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ రెండూ కలిసిన డిగ్రీయే బీఏఎస్‌ఎల్‌పీ. ఇంటర్న్‌షిప్ ఏడాదితో కలిపి ఇది నాలుగేళ్ల కోర్సు. ఆ తరువాత రెండేళ్ల మాస్టర్స్ చేస్తే, ఈ రెండు శాఖల్లో ఒకదానిపై లోతుగా పట్టు సాధించవచ్చు.

పిల్లలతోనే ఈ పని ముగుస్తుందనుకోవడం కూడా సరికాదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారు, తలకు గాయమైనవారు, పార్కిన్సన్స్ వ్యాధితో గొంతు సన్నగిల్లినవారు, క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసివేయించుకున్నవారు, గ్రహణం మొర్రికి శస్త్రచికిత్స జరిగిన పిల్లలు, నత్తి వల్ల ఇంటర్వ్యూకు వెళ్లడానికి భయపడే యువకులు, రోజంతా పాఠాలు చెప్పి గొంతు బొంగురుపోయిన ఉపాధ్యాయులు అందరూ ఈ వృత్తి పరిధిలోకి వస్తారు. చాలామందికి తెలియని మరో ముఖ్యమైన పని మింగడంలో ఇబ్బందికి చికిత్స. పక్షవాతం వచ్చిన మనిషి మంచినీళ్లు తాగగానే దగ్గుతున్నాడంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి జారుతుండవచ్చు. దానివల్ల న్యుమోనియా వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. అటువంటి రోగికి ఏ చిక్కదనంలో ఏ ఆహారం ఇవ్వాలో, తలను ఏ భంగిమలో ఉంచి తినిపించాలో నిర్ణయించే బాధ్యత స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుది. మీ నాన్నగారికి ఈ ఒక్క ఉదాహరణ చెప్పి చూడండి.

చదువు విషయానికి వస్తే, ఇంటర్‌లో సైన్సు గ్రూపు చదివినవారు దీనికి అర్హులు. సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, సికింద్రాబాద్‌లోనే ఉన్న స్వీకార్ అకాడమీ తెలుగు విద్యార్థులకు దగ్గరలో ఉన్న సంస్థలు. రాష్ట్రం దాటి వెళ్లగలిగితే మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశంలో ఈ రంగానికి పెద్ద దిక్కు. 1960ల మధ్య నుంచి అది ఈ వృత్తికి మనుషులను తయారు చేస్తోంది. మణిపాల్‌లోను, చెన్నైలోని శ్రీరామచంద్రలోను కూడా ఈ కోర్సు ఉంది. ప్రవేశ విధానం సంస్థను బట్టి మారుతుంది కాబట్టి, చేరదలచుకున్న సంవత్సరపు నోటిఫికేషన్‌నే ప్రమాణంగా తీసుకోండి. ఫీజు కట్టే ముందు ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, అనుమతి ఉన్నదో లేదో స్వయంగా చూసుకోవాలి. ఆ అనుమతి లేని చోట చదివితే పట్టా చేతికొచ్చినా వృత్తి చేసే హక్కు రాదు.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కార్పొరేట్ ఆసుపత్రులు, చెవి-ముక్కు-గొంతు క్లినిక్‌లు, పిల్లల థెరపీ కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు, వినికిడి యంత్రాల సంస్థలు ఈ పట్టా ఉన్నవారిని తీసుకుంటున్నాయి. ప్రభుత్వంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఈ పోస్టు ఉంది, అయితే అక్కడ నియామకాలు ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలోనే జరుగుతాయి. తొలి ఏళ్ల జీతం మీ ఇంజనీరింగ్ స్నేహితుల జీతంతో పోలిస్తే నిరుత్సాహం కలిగించవచ్చు. కానీ జిల్లా కేంద్రాల్లో సైతం అర్హత ఉన్నవారు దొరకక తల్లిదండ్రులు హైదరాబాద్‌కో విజయవాడకో బస్సెక్కుతున్న పరిస్థితుల్లో, పని నేర్చిన మనిషి ఖాళీగా కూర్చునే అవకాశం లేదు. ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి దీనిలో చేరదామన్న ఆలోచనతో మాత్రం రాకండి. చేరే ముందు ఖమ్మంలోనో వరంగల్‌లోనో ఒక థెరపీ కేంద్రాన్ని అనుమతి అడిగి రెండు రోజులు చూడండి. ఒకే పదాన్ని పిల్లవాడు ఇరవైసార్లు తప్పుగా పలికి, ఇరవై ఒకటోసారి సరిగ్గా పలికినప్పుడు మీకు సంతోషం కలిగితే ఈ చదువు మీదే.

ప్రశ్న: మా ఊళ్లో ఒక సంస్థ మూడు నెలల్లో ఆన్‌లైన్‌లో స్పీచ్ థెరపీ సర్టిఫికెట్ ఇస్తామంటోంది. నేను బీఈడీ చేశాను. ఆ సర్టిఫికెట్‌తో సొంతంగా సెంటర్ పెట్టుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: పెట్టకూడదు. భారత పునరావాస మండలి చట్టం 1992 ప్రకారం, గుర్తింపు పొందిన అర్హత ఉండి కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. అలా కాకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని ఆ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. జరిమానా చిన్నదే కావచ్చు, కానీ వినికిడి లోపం ఉన్న పిల్లవాడికి వినికిడి పరీక్షే చేయించకుండా ఏడాదిపాటు పలకడం నేర్పిస్తే ఆ పిల్లవాడు పోగొట్టుకునే ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. భాష అల్లుకునే తొలి మూడు, నాలుగేళ్లు ఎంతో విలువైనవి. బోధన అనుభవంతో మీరు ఈ పిల్లలకు సేవ చేయాలనుకుంటే, ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న ప్రత్యేక విద్య బీఈడీ చేయండి. ప్రత్యేక ఉపాధ్యాయులకు, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టులకు మధ్య చక్కని సహకారం అవసరమైన కేంద్రాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: నేను బీఏఎస్‌ఎల్‌పీ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. సెమినార్లలో ఇంగ్లీషు మాధ్యమం వారు అనర్గళంగా మాట్లాడుతుంటే వెనకబడిపోతున్నానన్న దిగులు ఉంది. పుస్తకాల్లో చదివినది ఒకటి, క్లినిక్‌లో ఎదురవుతున్నది మరొకటిగా ఉంది. ఈ వృత్తిలో నేను నిలదొక్కుకోగలనా?
— ఒక ఇంటర్న్, హైదరాబాద్

జవాబు: సెమినార్‌లో మీకు లోటుగా అనిపిస్తున్నదే క్లినిక్‌లో మీకు బలం. కాబట్టి ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

మన పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడే పిల్లలను చూసి రాసినవి. ఉదాహరణకు, చిన్నపిల్లలు పదం చివరి హల్లును వదిలేయడం ఒక ముఖ్యమైన ఉచ్చారణ దోషమని వాటిలో ఉంటుంది. తెలుగు మాట దాదాపుగా అచ్చుతోనే ముగుస్తుంది. అందువల్ల మన పిల్లల్లో ఆ దోషాన్ని వెతుకుతూ కూర్చుంటే అసలు ఇబ్బంది తప్పిపోతుంది. మన పిల్లవాడు తడబడేది పదం మధ్యలోని ద్విత్వాల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర. 'చక్రం', 'పుస్తకం' వంటి మాటలు అతని నోట ఎలా మారుతున్నాయో వినండి. 'ర' అనే ధ్వని ఆలస్యంగా కుదురుకుంటుందని తెలిసినవారు, రెండున్నరేళ్ల పిల్లవాడు 'రా' అనడానికి బదులు 'లా' అన్నాడని తల్లిదండ్రులను భయపెట్టరు.

యాస విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 'వచ్చిండు' అనే పిల్లవాడిని 'వచ్చాడు' అనేలా దిద్దడం చికిత్స కాదు, ఆ పిల్లవాడి ఇంటిని తప్పు పట్టడం. మహాప్రాణాలు వత్తి పలకకపోవడం కోట్లమంది తెలుగువారి వాడుక. దానిని దోషంగా రాసి రిపోర్టు ఇవ్వడం అన్యాయం. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన కుటుంబాలు ఒకే వారంలో మీ ముందు కూర్చోవచ్చు. ఆ ఇంట్లో తల్లి, నాయనమ్మ ఎలా మాట్లాడతారో వారి చేతనే మాట్లాడించి వినకుండా పిల్లవాడి మాటకు వంక పెట్టకూడదు. ఆదిలాబాద్ వైపు గోండీ, భద్రాచలం వైపు కోయ, పాతబస్తీలో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు తెలుగు రెండో భాష అవుతుంది. అటువంటి పిల్లవాడికి తెలుగు తక్కువగా వచ్చినంత మాత్రాన భాషాలోపం ఉందని తేల్చకూడదు. నిజమైన భాషాలోపం ఆ పిల్లవాడు మాట్లాడే ప్రతి భాషలోను కనబడుతుంది.

పెద్దల విషయంలోనూ ఇంతే. తెలుగు క్రియ లింగాన్ని, వచనాన్ని, గౌరవాన్ని తన చివరే మోస్తుంది. పక్షవాతం తరువాత అఫేసియా, అంటే మెదడు దెబ్బతిని భాష కుంటుపడే స్థితి, వచ్చిన ఒక పెద్దాయన కొడుకును గురించి 'వచ్చింది' అన్నా, ఇంటికి వచ్చిన వియ్యంకుణ్ణి 'వచ్చారా' అనడానికి బదులు 'వచ్చావా' అని పలకరించినా అది మర్యాద తప్పడం కాదు, మెదడులో క్రియాప్రత్యయాలను అందించే దారి దెబ్బతినడం. ఈ సంగతి కుటుంబానికి మొదటి రోజే చెప్పగలిగితే, ఇంట్లో అనవసరమైన నొచ్చుకోళ్లు, కోపాలు తగ్గుతాయి. అఫేసియాను అంచనా వేయడానికి వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షకు తెలుగు రూపం ఉంది. దానిని బాగా సాధన చేయండి. అయితే పిల్లలకైనా పెద్దలకైనా తెలుగులో పరీక్షా సామగ్రి ఇంకా చాలా తక్కువే ఉంది. దానిని తయారు చేయవలసిన తరం మీది. మీరు చదివిన వ్యాకరణం, మీ ఊరి మాట, మీ చెవి ఇక్కడ పనికొస్తాయి.

మింగడానికి సంబంధించిన చికిత్సలోనూ స్థానిక జ్ఞానం అవసరం. ద్రవాలను, ఆహారాన్ని 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలుగా విభజించే ఐడీడీఎస్‌ఐ కొలమానాన్ని మీరు చదివే ఉంటారు. ఆ స్థాయిలను రోగి భార్యకు మన వంటింటి పదార్థాల్లో చెప్పాలి. వేడిగా ఉన్నప్పుడు పల్చగా కనబడిన రాగిజావ చల్లారేసరికి చిక్కబడుతుంది. నోట్లో ఎక్కువసేపు ఉంటే లాలాజలంతో మళ్లీ పల్చబడుతుంది. తినిపించే సమయానికి ఉన్న చిక్కదనాన్నే చెంచా మీద చూసి నిర్ణయించాలని ఆమెకు నేర్పకపోతే మీ రిపోర్టులోని అంకె ఎందుకూ కొరగాదు.

ఇక ఇంగ్లీషు. పరిశోధన పత్రాలు చదవడానికి, రిపోర్టులు రాయడానికి అది కావాలి. రోజుకు ఒక పేజీ చదివి, దాని సారాన్ని మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి, ఆ నాలుగు వాక్యాలనూ పైకి చెప్పండి. ఏడాదిలో మీకే తేడా తెలుస్తుంది. ఇంటర్న్‌షిప్ గంటలను సంతకాల కోసం నింపకండి. శబ్దాల దోషాలున్న పిల్లలతోనే ఏడాదంతా గడిపేయకుండా, ఆసుపత్రి వార్డు, స్వరసమస్యలు, కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) తరువాతి శిక్షణ కూడా చూసే అవకాశం అడిగి మరీ సంపాదించండి. ఇప్పుడు పర్యవేక్షకుల ఎదుట తప్పు చేసి దిద్దుకునే స్వేచ్ఛ ఉంది. ఉద్యోగంలో చేరాక ఆ స్వేచ్ఛ ఉండదు.

ప్రశ్న: ఆరేళ్లుగా ఒక ప్రైవేటు థెరపీ కేంద్రంలో పనిచేస్తున్నాను. రోజుకు తొమ్మిది, పది సెషన్లు వరసగా ఉంటాయి. సాయంత్రానికి గొంతు రాదు. కొందరు పిల్లల్లో నెలల తరబడి మార్పు కనబడదు. తల్లిదండ్రులు మాటలు ఎప్పుడొస్తాయని నిలదీస్తారు. వృత్తి మారిపోదామా అనిపిస్తోంది.
— ఒక థెరపిస్ట్, విజయవాడ

జవాబు: మీ అలసట వెనుక మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. వృత్తి వదలాలన్న నిర్ణయానికి ముందు వాటిని విడివిడిగా చూద్దాం.

ముందుగా గొంతు. ఇతరుల గొంతును బాగుచేసే మనమే మన గొంతును పట్టించుకోకపోవడం ఈ రంగంలో మామూలైపోయింది. రెండు వారాలకు మించి బొంగురు తగ్గకపోతే చెవి-ముక్కు-గొంతు వైద్యుల చేత స్వరతంత్రులను పరీక్ష చేయించుకోండి. ఫ్యాను, ఏసీ, పక్కగదిలోని పిల్లల అరుపుల మీదుగా గొంతు పెంచి మాట్లాడటమే ఎక్కువ హాని చేస్తుంది. కాబట్టి గది నిశ్శబ్దాన్ని యాజమాన్యంతో మాట్లాడి సాధించుకోవాలి. వినికిడి లోపం లేని పిల్లవాడికి మీరు నిమిషానికి ముప్పై మాటలు అందించనక్కరలేదు. మీరు ఆగితేనే అతనికి చొరవ తీసుకునే సందు దొరుకుతుంది. నీళ్లు తరచుగా తాగండి, గొంతు సవరించుకునే అలవాటు మానుకోండి.

రెండోది తల్లిదండ్రుల నిలదీత. వారానికి మూడు గంటలు మీ దగ్గర ఉండే పిల్లవాడు మిగతా గంటలన్నీ ఇంట్లోనే ఉంటాడు. తల్లిని బయట కూర్చోబెట్టి తలుపు మూసి చేసే థెరపీలో బాధ్యత అంతా మీ మీదే పడుతుంది, ఫలితం మాత్రం సగమే వస్తుంది. ఆమెను లోపల కూర్చోబెట్టండి. స్నానం చేయించేటప్పుడు, అన్నం కలిపేటప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు ఏ మాట ఎలా అనాలో, ఎంతసేపు ఎదురుచూడాలో చూపించి, ఆమె చేత చేయించి, అప్పుడు సరిచేయండి. ఏ పిల్లవాడికీ ఫలానా తేదీకల్లా మాటలు వస్తాయని హామీ ఇవ్వవద్దు. మీ సంస్థ అటువంటి హామీలు ఇవ్వమంటే ఒప్పుకోవద్దు. దానికి బదులు మూడు నెలలకు కొలవగలిగే చిన్న లక్ష్యాలు రాసి తల్లిదండ్రులకు ఇవ్వండి: పేరు పిలిస్తే తిరిగి చూడటం, కావలసిన వస్తువును వేలితో చూపడం, రెండు మాటలు కలపడం. మాటలు రాని పిల్లవాడికి సంజ్ఞలో, బొమ్మల పలకో ఇస్తే మాట్లాడటం మానేస్తాడని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. కోరిక తెలియజేయగలిగిన పిల్లవాడి ఏడుపు తగ్గుతుంది, నేర్చుకునే ఓపిక పెరుగుతుంది. పురోగతి కాగితం మీద కనబడినప్పుడు తల్లిదండ్రులకే కాదు, మీకు కూడా ఊరట కలుగుతుంది.

మూడోది పని భారం. రోజుకు పది సెషన్లు వరసగా చేస్తూ నోట్స్ రాసుకునే వ్యవధి, ఆలోచించే వ్యవధి ఏ మనిషికీ ఉండదు. రాతపూర్వకంగా అడగండి: సెషన్‌కు సెషన్‌కు మధ్య పది నిమిషాలు, వారానికి ఒక పూట రికార్డులకు, కేసుల చర్చకు. అది కుదరని చోటు అయితే వృత్తిని కాదు, చోటును మార్చండి. ఆరేళ్లు పిల్లలతోనే పనిచేసిన మీకు ఆసుపత్రిలో పక్షవాత రోగులతో పని కొత్త ఊపిరి పోస్తుంది. ఇప్పటికే మాస్టర్స్ లేకపోతే అది చేయడానికి ఇదే అనువైన సమయం. ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చే పిల్లల్లో మాట సమస్యలున్నవారు ఎందరో ఉన్నారు. వారంలో ఒక రోజు అక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినా మీ పనికి వెడల్పు వస్తుంది. ఒంటరిగా పనిచేసేవారే ముందుగా అలసిపోతారని నా గట్టి అభిప్రాయం. 1967 నుంచి ఉన్న భారతీయ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుని, ఏటా జరిగే ఇషాకాన్ సదస్సుకు వీలైనప్పుడల్లా వెళ్లండి. మీ ఊళ్లోనే నలుగురు థెరపిస్టులు నెలకోసారి కూర్చుని, పేర్లు బయటపెట్టకుండా, కష్టమైన కేసులు చర్చించుకున్నా చాలు.

ఒక విషయం మరచిపోవద్దు. ఆర్‌సీఐ నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు నిరంతర పునరావాస విద్య కార్యక్రమాలకు హాజరై నిర్దేశించిన పాయింట్లు సంపాదించాలి. చివరి సంవత్సరంలో హడావిడిగా ఏ వర్క్‌షాప్ దొరికితే దానికి పరుగెత్తకుండా, ప్రతి ఏడూ మీకు తెలియని అంశాన్ని ఎంచుకుని వెళితే ఆ నిబంధనే మీకు చదువుగా మారుతుంది.

ప్రశ్న: నేను మైసూరులో మాస్టర్స్ చేసి, మూడేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. పాప పుట్టాక నాలుగేళ్లుగా పని లేదు. ఇక్కడ మళ్లీ నా వృత్తిలోకి రావాలంటే ఏం చేయాలి? ఇక్కడి తెలుగు పిల్లలకు ఏమైనా చేయగలనా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ముందుగా మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా, మీద ఉన్నవారిలో కొందరికే, ముఖ్యంగా భర్తకు గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టిన ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉన్నవారికే, పని అనుమతి పత్రం దొరుకుతుంది. తరువాత రెండు మెట్లున్నాయి. ఒకటి రాష్ట్రపు లైసెన్సు: టెక్సస్‌లో దానిని టీడీఎల్‌ఆర్ అనే శాఖ ఇస్తుంది. రెండోది అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్, అంటే ఆషా, ఇచ్చే సీసీసీ అనే వృత్తి సామర్థ్య ధ్రువీకరణ. అక్కడ చదివినవారికి సైతం మాస్టర్స్, నాలుగు వందల గంటల పర్యవేక్షిత క్లినికల్ పని, వృత్తి పరిజ్ఞానాన్ని కొలిచే ప్రాక్సిస్ పరీక్షలో 162 మార్కులు, ఆపై కనీసం 36 వారాల్లో 1,260 గంటల క్లినికల్ ఫెలోషిప్, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసే తొలి ఉద్యోగం, అవసరం. మీ మైసూరు చదువును గుర్తింపు ఉన్న మూల్యాంకన సంస్థ చేత అమెరికా డిగ్రీతో సరిపోల్చించుకోవాలి. ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లు తక్కువయ్యాయో అప్పుడే తేలుతుంది. కొందరికి కొన్ని కోర్సులు చదివితే సరిపోతుంది. ఈ ప్రయత్నం సాగుతుండగా పర్యవేక్షణలో పనిచేసే అసిస్టెంటు లైసెన్సుకు అర్హత ఉందేమో కనుక్కోండి. టెక్సస్‌లో ఆ ఏర్పాటు ఉంది. నాలుగేళ్ల విరామం గురించి దాచవలసిన పని లేదు. ఆ మధ్యలో చదివినవి, హాజరైన ఆన్‌లైన్ శిక్షణలు రాసి చూపండి. భారత్‌లోని మీ ఆర్‌సీఐ నమోదు గడువు దాటిపోనివ్వకండి.

తెలుగు పిల్లల గురించి మీరు అడిగిన మాట నాకు ఎంతో నచ్చింది. మాటలు ఆలస్యమైన పిల్లవాడి ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఇప్పటికీ కొందరు సలహా ఇస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం రాదు. ఒక భాషను తీసివేయడం వల్ల ఉన్న లోపం పోదు. అమ్మమ్మ, తాతయ్యలతో ఆ పిల్లవాడికి ఉన్న మాట మాత్రం తెగిపోతుంది. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోను పరీక్షించి, ఏది లోపమో ఏది రెండో భాష ప్రభావమో పాఠశాలకు వివరించగల స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టులు అక్కడ తక్కువ. లైసెన్సు వచ్చేలోగా చికిత్స చేయకూడదు కానీ, మీ ప్రాంతపు తెలుగు సంఘంలోనో, వారాంతపు తెలుగు బడిలోనో తల్లిదండ్రులకు అవగాహన తరగతులు నిర్వహించడానికి అభ్యంతరం ఉండదు. మైసూరు నుంచి ట్రాన్స్‌క్రిప్టులు, సిలబస్ ప్రతులు, క్లినికల్ గంటల ధ్రువపత్రం సీలువేసిన కవర్లలో నేరుగా మూల్యాంకన సంస్థకు చేరవలసి ఉంటుంది. దానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, మిగతా ఆలోచనలు తెగకముందే ఆ దరఖాస్తు ఈ వారంలోనే పంపండి.